ఎడమకి తిప్పితే కుడికి

ఆ లేత్ షాపులోకి సింధు కంటే ముందు ఆమె భుజం మీదున్న ఇనప కడ్డీ అడుగుపెట్టింది. పాత దుప్పట్లో చుట్టిన ఆ కడ్డీ నడుము దగ్గర వంకర తిరిగి ఉంది. ఆమె ఇటు తిరిగితే అది అటు తిరిగేది. ముందు గోడమీది కేలండర్ పడింది. తర్వాత బల్లమీది టీ గ్లాసు పడింది. ఆ టీ తాలూకు మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకా ఏమైనా మిగిలుంటే అవి కూడా పడగొట్టేయండి మేడమ్. అన్నీ ఒకేసారి తుడుచుకుంటాను."

"సారీ అండి. కడ్డీ వంకరగా ఉంది."

"కడ్డీ వంకర సరే. మీరు తిన్నగా రావచ్చు కదా?"

"దారికి అడ్డంగా టీ పెట్టుకుంటే ఎవరు మాత్రం తిన్నగా వస్తారు?"

"బల్ల మీద పెట్టుకున్నానండీ. బల్ల నాది. షాపు నాది. టీ కూడా నాదే, ఇందాకటి వరకు."

తెనాలి మారీసుపేటలో మనోహర్‌కీ సింధుకీ జరిగిన తొలి పరిచయం ఇది. తర్వాత్తర్వాత ఎవరికి అనుకూలంగా వాళ్ళు దీన్ని మార్చి చెప్పుకున్నారు గానీ, టీ పోయిన మాట మాత్రం నిజం.

మనోహర్ దుప్పటి విప్పాడు. లోపల ట్రాక్టర్ స్టీరింగ్ షాఫ్టు. చక్రం బిగించే పై చివర బాగానే ఉంది. మధ్యలో వంగింది. కింది చివర మెలిక తిరుగుతూ పోయే గాడి ఒకటుంది, దాని అంచులు పెచ్చులూడిపోయాయి.

"దీన్ని ఎవరు కొట్టారండీ?"

"కాలవ తూము."

"తూము వచ్చి కొట్టిందా?"

"నేనే వెళ్ళి కొట్టాను. రివర్స్ చేస్తుంటే ట్రాలీ పక్కకి పోయింది. సరిచేద్దామని స్టీరింగ్ తిప్పితే ఇంకా పోయింది. సరే అని ముందుకి లాగాను, ముందు చక్రం తూముకి తగిలింది."

"ఏ బండి?"

"మా తాతగారి నాటిది. ఇంగ్లండులో పుట్టి వేమూరులో స్థిరపడింది. మా ఇంట్లో 'దొర' అంటాం."

"దొరగారి కంపెనీ ఇంకా ఉందా?"

"ఎప్పుడో మూసేశారు. ఉంటే మీ టీ దాకా ఎందుకు వస్తాను?"

మనోహర్ నవ్వు ఆపుకున్నాడు. అతని బుగ్గ మీద నల్లటి గ్రీజు మరక ఉంది. ఆపుకున్న నవ్వు ఆ మరక పక్కనే చిన్న గుంట పెట్టుకుని బయటికి వచ్చేసింది. సింధు దాన్ని చూసి, చూడనట్టు షాఫ్టు వైపు తల తిప్పుకుంది.

"ఆట ఎంత ఉండేది?"

"ఏ ఆట?"

"స్టీరింగ్‌లో ఆటండీ. ముందు చక్రాలు కదలకుండా మీ చేతిలో స్టీరింగ్ ఎంతదాకా తిరిగేది?"

"పావు చుట్టు దాకా తిరిగేది."

"దాన్ని ఆట అనరండీ, తిరునాళ్ళు అంటారు."

ఈసారి నవ్వు ఆపుకోవడం సింధు వంతు అయింది.

"వంపు తీస్తే చాలదు. షాఫ్టు మొత్తం కొత్తగా చెయ్యాలి. ఈ గాడిలో మేకులాంటి పెగ్ ఒకటి కూర్చుంటుంది. స్టీరింగ్ తిప్పితే..."

"గాడి తిరిగి పెగ్‌ని జరుపుతుంది, పెగ్ చక్రాల్ని తిప్పుతుంది. తెలుసండీ. బాపట్లలో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చదివాను."

"మరి అంత చదివి ట్రాలీ రివర్స్ చెయ్యడం..."

"సిలబస్‌లో లేదు."

"నేను మెకానికల్ చదివాను. టీ ఒలికితే ఏం చెయ్యాలో మా సిలబస్‌లోనూ లేదులెండి. ఎప్పటికి కావాలి?"

"ఈస్టర్ వెళ్ళిన మర్నాడు రేపల్లెలో ట్రాలీ రివర్స్ పోటీ ఉంది. ఆలోపు బండి నడవాలి. నడవకపోతే..."

సింధు అక్కడ ఆగిపోయింది. అంతదాకా టీ గ్లాసుల్నీ కేలండర్లనీ లెక్కచెయ్యని అమ్మాయి గొంతు ఆ ఒక్క మాట దగ్గర సన్నబడటం మనోహర్ విన్నాడు. ఇంకేం అడక్కుండా షాఫ్టుని బల్ల మీద పెట్టి కొలతలు తీయడం మొదలుపెట్టాడు.

నడవకపోతే ఏమవుతుందో సింధు తండ్రి వరప్రసాదం ముందే చెప్పి ఉన్నాడు. ఆయన మాట తక్కువ మనిషి. ఉన్న కాసిని మాటల్నీ వెనక్కి తీసుకునే అలవాటు లేదు. పొలానికి అద్దె ట్రాక్టర్లు, కోతకి మిషన్లు వచ్చాక దొర పాకలో పడుకుని కోళ్ళకి నీడ ఇస్తున్నాడు. ఈ సంగతి బాపట్ల సముద్రం ఒడ్డున రిసార్టు కట్టిన శ్యాంప్రసాద్ అనే ఆయనకి ఎలాగో తెలిసింది. ఇంజను పీకేసి, గులాబీ రంగు వేసి, చుట్టూ లైట్లు చుట్టి గేటు దగ్గర నిలబెడతానన్నాడు. వచ్చినవాళ్ళు సెల్ఫీలు దిగుతారట.

"గులాబీ రంగా!" అని సింధు కంచం ముందు నుంచి లేచిపోయింది.

చదువైపోయి ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమెది ఒకటే పాట. పొలం నాకు అప్పగించండి, నేను చేస్తాను. వరప్రసాదం పాట వేరు. బెజవాడలో బ్యాంకు కోచింగు. రెండు పాటలూ ఒకే ఇంట్లో ఒకేసారి మోగుతుంటే మధ్యలో నానమ్మ కమలమ్మ వినికిడి లేనట్టు కూర్చుని మినుములు చెరుక్కునేది.

"ట్రాలీని వెనక్కి నడపడం రానిదానివి, వ్యవసాయం ఏం నడుపుతావే?" అన్నాడు వరప్రసాదం ఆ పూట.

"నేర్చుకుంటే వస్తుంది నాన్నా."

"అయితే రేపల్లె పోటీలో గీత దాటకుండా చివరిదాకా తీసుకెళ్ళు. బండి నీది, పొలం నీది, నేనిక మాట్లాడను. గీత దాటిందా, బండి బాపట్ల, నువ్వు బెజవాడ."

సరే అంది సింధు. అని, మర్నాడే ప్రాక్టీసుకి తీసి తూముకి కొట్టింది.

ట్రాలీని వెనక్కి నడపడంలో ఒక తిరకాసుంది. ట్రాలీ తోక కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. ఎడమకి పోవాలంటే కుడికి తిప్పాలి. ఇది సింధు బుర్రకి బాగా తెలుసు, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పగలదు. ఆమె చేతులకే తెలియదు. కళ్ళు ఎటు చూస్తే చేతులు అటే తిప్పేసేవి. ట్రాలీ ఎంత పక్కకి పోతే అవి అంత ప్రేమగా దాన్ని ఇంకా పక్కకి పంపేవి.

షాఫ్టు ఇచ్చిన మర్నాటి నుంచి సింధు వేమూరులో బస్సెక్కి తెనాలి వచ్చి షాపులో స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

"నా మీద నమ్మకం లేదా అండీ?" అన్నాడు మనోహర్.

"ఉందండీ. ఎంతుందో చూసుకోవడానికే వస్తున్నాను."

"మీరు వచ్చినప్పుడల్లా గ్లాసులు పైన అలమరలో పెట్టుకోవాల్సి వస్తోంది."

"అలమర ఎత్తు సరిపోదేమో, ఆలోచించుకోండి."

మనోహర్ కొత్త ఉక్కు కడ్డీని లేత్‌కి బిగించి చెక్కుతుంటే ఆమె ప్రశ్నలు అడిగేది, అతను జవాబులు చెప్పేవాడు. ఒకరోజు లేత్ ముందున్న చిన్న లివర్ చూపించాడు.

"మామూలు బోల్టులన్నీ కుడి మెలిక. మీ దొరగారిది లెఫ్ట్ థ్రెడ్, ఎడమ మెలిక. గాడి కోసే ముందు ఈ లివర్ అటు మార్చాలి."

"మార్చకపోతే?"

"గాడి అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. మా షాపులో అలాంటి పొరపాటు మా తాత చెయ్యలేదు, మా నాన్న చెయ్యలేదు."

"మీరు?"

"నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా?"

సింధు అతన్ని చూసింది. చూడమన్నాడు కాబట్టి చూసింది. కాకపోతే చూడమన్న దానికంటే కాస్త ఎక్కువసేపే చూసింది.

గురువారం వచ్చింది. మర్నాడు గుడ్ ఫ్రైడే, షాపు మూసేస్తారు. గాడి ఆ రోజే కోసి, సాయంత్రానికల్లా బట్టీకి పంపి గట్టిపరచాలి. మనోహర్ పనిముట్టు బిగించి సిద్ధమయ్యే వేళకి ఏప్రిల్ వాన ఒకటి చెప్పాపెట్టకుండా దిగింది. పైన రేకుల కప్పు. ఆ మోతలో పక్కనున్న మాట పక్కకి వినపడటం లేదు.

"మీ బుగ్గ మీద గ్రీజు ఉంది!" అంది సింధు స్టూలు మీద నుంచి.

"ఏంటీ?" లివర్ మీదికి వెళ్తున్న మనోహర్ చెయ్యి ఆగింది.

"గ్రీజు! బుగ్గ మీద!"

ఆ చెయ్యే బుగ్గ మీదికి వెళ్ళింది. కుడి బుగ్గ మీద ఏమీ లేదు, ఇప్పుడు ఉంది.

"అటు కాదు, ఎడమ!"

"ఇదేనా ఎడమ?"

"అది నా ఎడమ. మీ ఎడమ ఇటు... అబ్బ, ఉండండి!"

సింధు లేచి వచ్చి, బల్ల మీదున్న గుడ్డ తీసుకుని తనే తుడిచేసింది. తుడిచాక తెలిసింది తనేం చేసిందో. వాన రేకుల మీద దంచుతోంది. షాపు ముందు నుంచి స్కూటర్ మీద తడుస్తూ పోతున్న ఎవరో ఒకాయన లోపలికి తొంగిచూసి, బండి స్లో చేసి, మళ్ళీ వేగం పెంచుకుని వెళ్ళిపోయాడు. వీళ్ళిద్దరూ అతన్ని చూడలేదు.

"ఇక కొయ్యండి," అంది సింధు, గుడ్డని నాలుగు మడతలు పెడుతూ.

"కోస్తున్నానండీ," అన్నాడు మనోహర్, బటన్ నొక్కుతూ.

లేత్ తిరిగింది. ఉక్కు పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలింది. పని అయ్యాక మనోహర్ గాడి లోతు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఎటు తిరిగిందో మాత్రం కొలవలేదు. అది కొలిచే పరికరం ఏ షాపులోనూ ఉండదు.

శనివారం మనోహర్ షాఫ్టు పట్టుకుని వేమూరు వచ్చాడు. వరప్రసాదం ఇంట్లో లేడు, మర్నాటి ఈస్టర్ ఏర్పాట్లకి గుడికి వెళ్ళాడు. వాకిట్లో కమలమ్మ ఉంది.

"వందనాలు మామ్మగారూ."

"వందనాలు బాబూ. ఏ గుడి మీది?"

"తెనాలిలో లూథరన్ గుడేనండి."

"అట్లాగా," అని కమలమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, లోపలికి కేకేసింది. "సింధూ, మజ్జిగలో ఇంకాస్త అల్లం దంచి వెయ్యి."

మధ్యాహ్నానికి షాఫ్టు లోపల కూర్చుంది. పెగ్ గాడిలో పడింది. సింధు సీటెక్కి, కళ్ళు మూసుకుని, స్టీరింగ్‌ని వేలంత మేర అటూ ఇటూ ఆడించి చూసింది.

"తిరునాళ్ళు అయిపోయాయా?" అన్నాడు మనోహర్.

"డేరాలు కూడా పీకేశారు," అంది సింధు, మొహమంతా వెలుగుతో.

ట్రాలీ తగిలించారు. దొర దగ్గాడు, ఉమ్మాడు, లేచాడు. కోళ్ళు నీడ వదిలి పారిపోయాయి. కుడివైపు గేటు ఉంది. సింధు కుడికి తిప్పింది. దొర ఎడమకి బయల్దేరాడు.

"కుడికి తిప్పండి! కుడికి!"

"కుడికే తిప్పానండీ!"

"ఇంకా తిప్పండి!"

ఇంకా తిప్పింది. దొర ఇంకా ఎడమకి పోయి, మర్యాదగా గడ్డివాములో తల పెట్టుకుని ఆగిపోయాడు.

మనోహర్ వచ్చి స్టీరింగ్ తనే తిప్పి చూశాడు. చక్రాలు అటు. ఇంకోవైపు తిప్పాడు. చక్రాలు ఇటు. అతని మొహంలో రంగు దిగిపోయింది. బుగ్గ మీద గ్రీజు ఉండుంటే కనీసం ఆ రంగైనా మిగిలేది.

"లివర్," అన్నాడు.

"ఏ లివర్?"

"గురువారం... మార్చలేదు."

"మీ తాత చెయ్యలేదు, మీ నాన్న చెయ్యలేదు అన్నారు!"

"ఇప్పుడే వెళ్ళి ఇంకోటి కోసుకొస్తాను."

"కోసి? బట్టీ పండక్కి మూసేశారని మీరే చెప్పారు. గట్టిపరచకుండా పచ్చి ఉక్కు వేస్తే పెగ్ దాన్ని నమిలి ఊసేస్తుంది."

"మీరు ఇంజినీరని మర్చిపోయాను."

"మీరు ఇంజినీరని మీరే మర్చిపోయారు! ఇంకెందుకులెండి. రేపు పండగ, ఎల్లుండి పోటీ. ఆ తర్వాత దొరకి గులాబీ రంగు, నాకు బెజవాడ."

కళ్ళలో నీళ్ళు కనపడకుండా సింధు వెనక్కి తిరిగింది. తిరిగితే వెనక ట్రాలీ ఉంది. కనీసం గడ్డివాములోంచైనా బండిని బయటికి తీయాలి కదా అని, రివర్స్ గేరు వేసి, ట్రాలీ తోక మీద చూపు పెట్టి నడిపింది. తోక కొంచెం కుడికి జరిగింది. ఎడమకి రావాలి అనుకుంది, చేతులు ఎడమకి తిప్పాయి. ఎడమకి వచ్చింది. కొంచెం ఎక్కువ వచ్చింది, కుడికి తిప్పింది. కుడికి వచ్చింది.

కోపంలో ఉండటం వల్ల ఏం జరుగుతోందో ఆమెకి తెలియలేదు. వాకిలి దాటి, పాక దాటి, కాలవ గట్టు పక్క ఖాళీ చేను మొదటిదాకా ట్రాలీ గీసిన గీతలా వెళ్ళిపోయింది.

"ఇదేంటే," అంది కమలమ్మ, చేట పక్కన పెట్టి. "ఇవాళ తోక తిన్నగా పోతోంది?"

సింధు బ్రేకు నొక్కింది. మనోహర్ వైపు చూసింది. మనోహర్ ఆమె వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ట్రాలీ తిరకాసు ఒకటి, స్టీరింగ్ తిరకాసు ఒకటి. రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేశాయి.

"మీరు కళ్ళతో చూసిన వైపే చేతులు తిప్పుతున్నారు!" అని అరిచాడు మనోహర్.

"ఎప్పుడూ అలాగే తిప్పుతానండీ నేను!" అని అరిచింది సింధు. "ఇప్పుడే, ఇప్పుడే బండి నా మాట వింటోంది!"

పొద్దుగూకే దాకా ఆమె చేలో ఆ చివర నుంచి ఈ చివరకి వెనక్కి నడుపుతూనే ఉంది.

"నానమ్మా, ఈ సంగతి నాన్నకి చెప్పకు."

"నేను అబద్ధమాడనమ్మా," అంది కమలమ్మ. "అడక్కపోతే చెప్పను, అంతే."

సోమవారం రేపల్లె శివార్లలో మినుము తీసేసిన చేలో సున్నంతో గీతలు గీశారు. పాములా మెలికలు తిరిగిన దారి, మలుపుకొక డ్రమ్ము. దొరని లారీ మీద తెచ్చి దించారు, ట్రాలీని ఇంకో బండి లాక్కొచ్చింది. గట్టు మీద గొడుగు కింద కమలమ్మ, వరప్రసాదం, ఆయన పక్కనే రిసార్టు శ్యాంప్రసాద్. శ్యాంప్రసాద్ రంగు డబ్బాల ఫొటోలు ఫోనులో చూపిస్తున్నాడు, వరప్రసాదం చూస్తున్నట్టే ఉన్నాడు.

మైకు బర్నబాస్‌ది. కొలకలూరు నుంచి వచ్చాడు. గుడిలో ప్రకటనలైనా పోటీలో కామెంటరీ అయినా ఆయనది ఒకటే గంభీరం.

"ప్రియమైన రైతు సోదరులారా! పోయిన ఏడు విజేత, కొల్లిపర నరేష్ గారు బరిలో దిగుతున్నారు!"

నరేష్ కొత్త ట్రాక్టర్ నిండా స్టిక్కర్లే. అవలీలగా నడిపాడు. ఒకే ఒక్క మలుపులో ట్రాలీ డ్రమ్ముకి రాసుకుని టంగుమంది. మిగతావాళ్ళందరూ అంతకంటే ఎక్కువే మోగించారు.

"తరువాత, వేమూరు నుంచి సోదరి సింధు గారు! బండి వయసు సోదరి వయసుకి రెండింతలు!"

ముందు బండిని మొదలు గీత దాకా ముందుకి నడిపి తీసుకురావాలి. అదొక్కటే సింధు భయం. కుడికి వెళ్ళాలంటే ఎడమకి, ఎడమకి వెళ్ళాలంటే కుడికి. దొర తాగినవాడిలా అటు ఒకసారి, ఇటు ఒకసారి పోయాడు. జనం ఈలలు వేశారు.

"చెల్లెమ్మా!" అని అరిచాడు నరేష్. "ముందు ముందుకి నడపడం నేర్చుకో, వెనక సంగతి తర్వాత చూసుకుందువు!"

గట్టు మీద వరప్రసాదం తల దించుకున్నాడు. గీత పక్కన నిలబడ్డ మనోహర్ మాత్రం నవ్వలేదు, కదల్లేదు. సింధు అతని ముందు బండి ఆపి రివర్స్ గేరు వేసింది.

"భయంగా ఉందా?" అన్నాడు.

"మీకు?"

"నాకుంది."

"అయితే నా భయం కూడా మీరే పడండి," అని వెనక్కి తిరిగి ట్రాలీ మీద చూపు నిలిపింది.

మొదటి మలుపు వచ్చింది. తోక గీత పక్కనే ఒరుసుకుని పోయింది, గీత చెదరలేదు. ఈలలు ఆగాయి. రెండో మలుపు దగ్గర బర్నబాస్ మైకులో ఏదో అనబోయి మానేశాడు. పోటీల చరిత్రలో ఆయన మాట్లాడకపోవడం అదే మొదలు. ట్రాలీ మలుపు మలుపుకీ నీళ్ళలో చేపలా ఒళ్ళు వంచుకుంటూ పోయింది. డ్రమ్ములన్నీ నోరు మూసుకుని నిలబడ్డాయి. చివరి గీత దాటి సింధు బ్రేకు నొక్కాక, చేలో ఒక క్షణం దొర దగ్గు తప్ప ఏమీ వినపడలేదు.

తర్వాత చేను దద్దరిల్లింది.

"ఒక్క డ్రమ్మూ తగలలేదు! ఒక్క గీతా చెరగలేదు!" బర్నబాస్‌కి గొంతు తిరిగొచ్చింది. "ప్రథమ స్థానం, వేమూరు!"

"ఆగండి!" నరేష్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మోసం బాబాయ్! బండి ముందుకొచ్చేటప్పుడు నేను చూశాను. స్టీరింగ్ అటు తిప్పితే చక్రాలు ఇటు పోతున్నాయి! తిరగేసి బిగించారు!"

జనం గొల్లుమన్నారు. కమిటీవాళ్ళు సింధు వైపు తిరిగారు.

"నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ," అంది సింధు, సీటు దిగకుండానే. "కావాలని చెయ్యలేదు, కొత్త షాఫ్టులో గాడి పొరపాటున అలా పడింది. కానీ తిరగబడ్డ మాట నిజం."

కమిటీవాళ్ళు తలలు కలిపి గుసగుసలాడుకున్నారు. గట్టు మీద శ్యాంప్రసాద్ ఫోను మళ్ళీ బయటికి తీశాడు.

బర్నబాస్ మైకు సవరించుకున్నాడు. "రూలు ఏంటంటే, ట్రాక్టరు ఉండాలి, ట్రాలీ ఉండాలి, మనిషి ఉండాలి. స్టీరింగ్ ఎటు తిప్పితే ఎటు పోవాలో రూల్లో లేదు. అయినా నరేషూ, అది అంత సుళువైతే నువ్వొకసారి ఎక్కి నడుపు. నడిపితే బహుమతి నీదే."

"ఎక్కుతాను!"

నరేష్ ఎక్కాడు. ఏళ్ళ తరబడి ఒకే దారిలో తిరిగిన చేతులు అతనివి. ఆ దారిలోనే తిరిగాయి. మొదటి డ్రమ్ము టంగుమంది. సరిచేశాడు, రెండోది దొర్లిపోయింది. ఇంకా సరిచేశాడు, ట్రాలీ అడ్డొచ్చిన గీతలు తుడుచుకుంటూ సోడా బండి మీదికి వెళ్ళింది. సోడా బండి మనిషి బండితో సహా పరుగందుకున్నాడు.

"చాలు నరేషూ!" అన్నాడు బర్నబాస్. "సోడాలకి కూడా మేమే డబ్బులు కట్టుకోవాలి!"

నరేష్ దిగి, చెమట తుడుచుకుని, సింధు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "నా వల్ల కాలేదు చెల్లెమ్మా. నీదే గెలుపు." అన్నవాడు మంచివాడే, కాస్త స్టిక్కర్లు ఎక్కువ, అంతే.

"ఇంతకీ," బర్నబాస్ వదల్లేదు, "ఈ షాఫ్టు చేసిన మహానుభావుడు ఎవరు?"

జనం మనోహర్‌ని ముందుకి తోసేశారు. మైకు అతని నోటి ముందుకి వచ్చింది.

"ఎవరబ్బాయివి? మారీసుపేట లేత్ షాపా! అంత పేరున్న షాపులో గాడి ఎలా తిరగబడిందయ్యా?"

"లివర్ మార్చడం మర్చిపోయానండి."

"ఎందుకు మర్చిపోయావు?"

మనోహర్ నేల చూశాడు, దొరని చూశాడు, దొర మీద కూర్చున్నామెని చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"ఆ అమ్మాయి పక్కనే ఉందండి."

మైకులో అన్న మాట. రేపల్లె అవతల దాకా వినపడింది. చేలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒకేసారి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుర్రాళ్ళ ఈలలకి కొంగలు లేచిపోయాయి.

"మైకు ఇటివ్వండి," అంది సింధు.

చెంపలు ఎర్రబడి ఉన్నాయి గానీ గొంతు తొణకలేదు.

"తప్పు ఆయనొక్కరిదే కాదండీ. లివర్ మార్చాలని నాకూ తెలుసు, ఎదురుగానే ఉన్నాను. నేనూ లివర్ వైపు చూడలేదు."

మనోహర్ తల ఎత్తాడు. గోలలో ఆమె ఇంకేదో అంది, మైకు పక్కకి పెట్టి, అతనొక్కడికే. ఏమందో ఎవరికీ వినపడలేదు. అతని బుగ్గ మీది గుంట మాత్రం అందరికీ కనపడింది.

జనం పక్కకి తప్పుకున్నారు. వరప్రసాదం వస్తున్నాడు. వెనకాలే శ్యాంప్రసాద్, కమలమ్మ.

"మరి బండి సంగతి సార్?" అన్నాడు శ్యాంప్రసాద్.

"బండి మా అమ్మాయిది. పొలం కూడా ఆవిడదే. ఆవిడ్నే అడగండి."

సింధు దొర మీద నుంచి దూకి తండ్రిని వాటేసుకుంది. ఆయన ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు. ఆయన లెక్కలో అది పెద్ద ఉపన్యాసం. తర్వాత మనోహర్ వైపు తిరిగాడు.

"రోడ్డు మీద నడవాలంటే ఇంకో షాఫ్టు చెయ్యాలి కదా?"

"చేస్తానండీ. ఈ వారమే."

"ఈసారి గాడి కోసేటప్పుడు మా అమ్మాయి షాపుకి రాదు."

"సరేనండీ," అన్నాడు మనోహర్, డ్రమ్ముని గుద్దేసినవాడి మొహంతో.

"నువ్వే మా ఇంటికి రా. మీ అమ్మగారిని తీసుకుని."

"కొలతలకా అండీ?"

"దేవుడా," అంది కమలమ్మ. "ఈ పిల్లాడికి ఏది చెప్పినా తిరగేసి చెప్పాలి కాబోలు. సంబంధం మాట్లాడుకోవడానికయ్యా!"

అప్పటికే డప్పులు మొదలయ్యాయి. గెలిచిన బండి చేను చుట్టూ ఊరేగాలి. దొర ముందుకి నడిస్తే ఎవరి మీదికి వెళ్తాడో తెలియదు కాబట్టి, ఆ ఏడు ఊరేగింపు వెనక్కి నడిచింది. ట్రాలీ ముందు, ట్రాక్టర్ వెనక. డప్పులవాళ్ళు ఏ వైపు నిలబడాలో తెలియక రెండు వైపులా వాయించారు. ట్రాలీలో కమలమ్మ అందరికీ చెయ్యి ఊపుతూ నిలబడింది. ఆమె పక్కన మనోహర్‌ని ఎక్కించారు.

వెనక్కి నడిపేవాళ్ళు చూపు ట్రాలీ మీదే పెట్టాలి. ట్రాలీలో మనోహర్ ఉన్నాడు. చేను చుట్టూ తిరిగొచ్చేదాకా సింధు చూపు పక్కకి తిప్పలేదు, బండి ఒక్క గీతా దాటలేదు.